కాప్రిలో కొనుగోళ్ళు: చెయ్యి చూడొద్దు, సంచి చూడండి

ఇటలీలోని కాప్రి దీవికి పొద్దున్నే అందరూ ఎక్కే పడవే ఎక్కండి. అంతమంది ఎగబడుతున్నారంటే అందులో ఏదో ఉండే ఉంటుంది. నేపుల్స్ రేవు నుంచి హైడ్రోఫాయిల్‌లో ముప్పావు గంట పైచిలుకు, సొరెంతో నుంచైతే అరగంట. దిగేది మరీనా గ్రాందె రేవులో. దిగీ దిగగానే ఎదురయ్యే మొదటి కొట్లోనే బంధువుల జాబితా బయటికి తీసి మొత్తం కొనేయండి. పైన ఊళ్ళో మంచివి దొరుకుతాయని కొందరు ఊరిస్తారు. పైకెళ్ళాలంటే ఫ్యూనిక్యులర్ కోసం ఎండలో వరసలో నిలబడాలి. 1907 నుంచి నడుస్తున్న బండి అది, ఈ ఒక్కరోజు మీరెక్కకపోతే దానికొచ్చిన నష్టమేమీ లేదు. పైగా రేవులోనే కొనేస్తే ఆ సంచులన్నీ సాయంత్రం దాకా మోసుకుంటూ దీవి చూడొచ్చు. ఎదురయ్యే ప్రతి తెలుగు కుటుంబానికీ మనం ఏం కొన్నామో చెప్పకుండానే తెలిసిపోతుంది.

రాత్రికి మాత్రం అక్కడ ఉండొద్దు. హోటల్ ఖర్చు సంగతి అలా ఉంచండి, అసలు ప్రమాదం వేరే ఉంది. వేసవిలో ఆఖరి పడవ వెళ్ళిపోయాక జనం పలచబడతారు. కొట్లేమో పొద్దుపోయేదాకా తెరిచే ఉంటాయి. దుకాణదారుకి తీరిక చిక్కుతుంది. తీరిక చిక్కితే మాటల్లో పడతాడు. మాటల్లో పడితే ఈ సరుకు ఎవరు చేశారు, ఎక్కడ చేశారు, దేంతో చేశారు అన్నవన్నీ బయటపడతాయి. అవి తెలిశాక చేతిలో వస్తువు మళ్ళీ అరలోకి వెళ్ళిపోయే అవకాశం చాలా ఎక్కువ. కొనేవాడి మనసు తెల్లకాగితంలా ఉండాలి.

కాప్రి మొత్తం వైశాల్యం పది చదరపు కిలోమీటర్లు. అందులో కాప్రి, అనకాప్రి అని రెండు ఊళ్ళు, కొండలు, నిమ్మతోటలు, హోటళ్ళు. ఇంత చిన్న చోట ఇంత సరుకు ఎలా తయారవుతోందన్న అనుమానం చదువుకున్నవాళ్ళకి రావచ్చు. వస్తే ఓ ఐస్‌క్రీం తినండి, చల్లారిపోతుంది.

తగ్గింపు ధరల మీద మక్కువ ఉన్నవాళ్ళు జనవరిలో వెళ్ళాలి. ఇటలీలో సీజన్ తగ్గింపు అమ్మకాలకి ప్రభుత్వం పెట్టిన తేదీలుంటాయి. వీటిని ‘సాల్ది’ అంటారు. చలికాలంవి జనవరి మొదట్లో, వేసవివి జులై మొదట్లో మొదలవుతాయి. పాత ధర, తగ్గించిన శాతం, కొత్త ధర మూడూ చీటీ మీద రాయాలని నిబంధన. జులైలో వెళ్తే కొట్లన్నీ తెరిచి ఉంటాయి, డబ్బు ఖర్చవుతుంది. జనవరిలో కాప్రిలో సగానికి సగం తలుపులు మూసే ఉంటాయి కాబట్టి ఒక్క యూరో కూడా పోదు. ఇంతకు మించిన తగ్గింపు ఎక్కడా దొరకదు.

బట్టలు

కాప్రి ప్యాంటు కాప్రిలోనే పుట్టిందని గట్టిగా నమ్మండి. దాన్ని 1948లో సోన్యా ద లెన్నార్ట్ అనే జర్మన్ డిజైనర్ తెచ్చిందని ఎవరైనా అంటే, పేరులోనే ఊరు కనబడుతుంటే ఇంకా సాక్ష్యమేంటని అడగండి. పియాజ్జెట్టా అని పిలుచుకునే చిన్న కూడలిలో లా పరీజియెన్ అనే కొట్టుంది. 1906 నాటిది. కొలతలు తీసుకుని కుట్టిస్తారు. మీరు అటు వెళ్ళొద్దు. కొలతలంటే పరాయి దేశంలో నడుం చుట్టూ టేపు, దాని మీద ఓ అంకె, ఆ అంకె పైకి చదవడం. సెలవుల్లో ఎందుకొచ్చిన గొడవ? వీధిలో హ్యాంగర్‌కి వేలాడుతున్నది లాక్కుని బిల్లు కట్టేయండి.

సైజు విషయంలో ఒకటే సూత్రం: ఎక్కడైనా 42 అంటే 42. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగం చేసే మీ మరదలు అక్కడ 42 వేసుకుంటుంది కదా, ఇక్కడా 42 పట్టుకోండి. ఇటలీ 42 ఆడవాళ్ళ సైజు జర్మనీలో 36కి సమానమనీ, జర్మనీ 42 కావాలంటే ఇక్కడ 48 తీసుకోవాలనీ చెప్పేవాళ్ళు లెక్కల మాష్టర్లు. వేసి చూసుకోవడం కూడా అనవసరం. బాగోకపోతే తిరిగి ఇచ్చేయొచ్చు కదా! కొట్లో చూసి కొన్న వస్తువులో లోపం లేకపోతే వెనక్కి తీసుకోవాలన్న చట్టమేదీ ఇటలీలో లేదు. మార్చి ఇచ్చారంటే అది దుకాణం దయ. పద్నాలుగు రోజుల హక్కు ఉన్నది ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్లో కొన్నవాటికి. అయినా మీ మరదలి మొహం చూస్తే ఏ దుకాణదారైనా కరిగిపోకుండా ఉంటాడా?

నార చొక్కాలు, దుపట్టాల మీద ‘మేడ్ ఇన్ ఇటలీ’ అన్న చీటీ కనబడితే ఇక పరీక్షలన్నీ అయిపోయినట్టే. చివరి ముఖ్యమైన పని ఎక్కడ జరిగితే ఆ దేశం పేరు వేసుకోవచ్చు అన్నది ఐరోపా నిబంధన. నూలు ఎక్కడిది, నేసింది ఎక్కడ, కత్తిరించింది ఎవరు అన్నవి ఆ చీటీ చెప్పదు. మనకీ అక్కర్లేదు. ఆ చీటీని అత్తవారికి కనబడేలా వెనక మెడ దగ్గర కొంచెం బయటికి లాగి ఉంచండి.

చెప్పులు

ఈ దీవిలో నిజంగా దీవిలోనే, మీ కళ్ళముందే తయారయ్యే వస్తువు ఒకటుంది. కాబట్టి దాని విషయంలో అత్యంత జాగ్రత్తగా తప్పించుకోవాలి.

కాప్రి చెప్పులకి పెద్ద పేరు. క్విసిసానా హోటల్ ఎదుట 1946లో మొదలైన కాన్ఫొరా కొట్లో జాకీ కెనడీ చేయించుకుందని చెప్పుకుంటారు. అనకాప్రిలో వియా ఒర్లాందీ సందుల్లోనూ చెప్పులు కుట్టేవాళ్ళున్నారు. జరిగేది ఇదీ. ముందు చదును మడమలతో, ఎత్తు మడమలతో ఉన్న తోలు అడుగులు మీ ముందు పెడతారు. ఒకటి ఎంచుకోవాలి. తర్వాత గోడ మీద వేలాడే పట్టీలు: మామూలు తోలువి, అల్లినవి, రాళ్ళు పొదిగినవి. అది తేలాక ఆయన పొట్టి బల్ల మీద కూర్చుని మీ కాలు అడుగు మీద పెట్టమంటాడు. పట్టీని వేళ్ళ మీదుగా లాగి, బొటనవేలి దగ్గర ఓ గుర్తు, మడమ దగ్గర ఓ గుర్తు పెట్టుకుంటాడు. కాలు తీసెయ్యమని, ఆ గుర్తుల దగ్గర చీలిక వేసి, పట్టీ కొసని లోపలికి దూర్చి, కింద జిగురు రాసి, చిన్న మేకులు కొట్టి, సుత్తితో చదును చేస్తాడు. మళ్ళీ తొడిగి నిలబడమంటాడు. నడవమంటాడు. వదులుంటే మళ్ళీ విప్పుతాడు. మీ కుడికాలు ఎడమకాలి కంటే రవ్వంత పెద్దదన్న సంగతి, ఇన్నేళ్ళుగా ఇంట్లో ఎవరూ కనిపెట్టనిది, ఆ మనిషికి రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

చూశారా, ఎంత ఇబ్బంది! ధరేమో వంద యూరోల పైమాటే. అందుకే పక్కవీధిలో కట్టలుగా పేర్చి అమ్మే రెడీమేడ్‌ది, పట్టీ మీద గాజురాళ్ళు జిగురుతో అంటించింది కొనండి. మన సిమెంటు రోడ్ల మీద రాళ్ళు ఒక్కొక్కటే ఎప్పుడు రాలుతాయో చెప్పలేం కాబట్టి రోజూ కొత్త జత వేసుకున్నట్టే ఉంటుంది. ఒకవేళ ఇంట్లోవాళ్ళు పట్టుబట్టి చేయించుకుంటే మాత్రం, ఆ పల్చటి తోలు అడుగుతో మొదటి వర్షంలోనే బయటికి వెళ్ళమనండి.

మీ కాళ్ళకి కొల్హాపురి చెప్పులుంటే విమానం ఎక్కేముందే విప్పేయండి. 2025 జూన్‌లో మిలాన్‌లో ప్రాదా వాళ్ళు మగవాళ్ళ ఫ్యాషన్ ప్రదర్శనలో అచ్చం అలాంటివే వేయించి, ఉత్త తోలు చెప్పులని పేరు పెట్టారు. మనదేశంలో గోల అయ్యాక, ఆ నమూనా భారతీయ చేతివృత్తిదేనని ఒప్పుకున్నారు. మీరు వేసుకున్నవి సంతలో కొన్న అసలువి అయినా, చూసేవాళ్ళు ఫ్యాషన్ హౌసువనుకుంటే అనవసరంగా గౌరవం పెరుగుతుంది.

బేరం

కొనబోతే కొరివి అన్నట్టుండే చోట బేరమే మనకి ఆయుధం. దాన్ని వాడాల్సిన చోటు మాత్రం తెలిసుండాలి. వియా కమెరెల్లెలో పెద్ద బ్రాండ్ల కొట్ల ముందు కోటేసుకున్న మనిషి తలుపు తీస్తాడు. అక్కడ నోరెత్తకండి. చెప్పిన ధరకి తల ఊపి, కాస్త తక్కువగా ఉందే అన్నట్టు మొహం పెట్టండి. అవే సంచులు హైదరాబాదులోనో ఢిల్లీలోనో దొరుకుతాయి కదా అన్న ఆలోచన దగ్గరికి రానివ్వకండి. చేత్తో పనిచేసే చెప్పులాయన దగ్గర, పలకల మీద రంగులద్దే ఆమె దగ్గర మాత్రం గీసి గీసి బేరమాడండి. సగం ధర అడిగి, లేచి వెళ్ళిపోతున్నట్టు గుమ్మం దాకా నడిచి వెనక్కి తిరిగి చూడండి. కోఠీలో అయితే పిలుస్తారు. అక్కడ మర్యాదగా తలుపు తీసి పట్టుకుంటారు.

నేపుల్స్ వీధుల్లో దుప్పటి పరిచి పెద్ద బ్రాండ్ల సంచులు ఇరవై యూరోలకి అమ్మేవాళ్ళు కనిపిస్తే పండగే. నకిలీ సరుకు కొన్నవాడికి కూడా ఇటలీలో జరిమానా ఉంది. అది 7,000 యూరోల దాకా వెళ్ళొచ్చు. ఇరవై యూరోల సంచి ఏడువేలకి పడితే అది అసలు బ్రాండు ధరే కదా. దాంతో నకిలీ అన్న మచ్చ కూడా పోతుంది.

నిమ్మసారా

లిమొన్చెల్లో సీసా ఎంచుకోవడంలో రంగే ప్రమాణం. ట్రాఫిక్ పోలీసు జాకెట్ రంగులో మెరవాలి. సీసా ఇటలీ పటం ఆకారంలోనో, వెసూవియస్ కొండ ఆకారంలోనో ఉంటే మరీ మంచిది. అమ్మవారి గుడి ప్రసాదం డబ్బాల పక్కన షోకేసులో నిలబెట్టుకోవచ్చు.

చేసే పద్ధతి చాలా చప్పగా ఉంటుంది. నిమ్మతొక్క పైన ఉండే పసుపు పొర మాత్రం, తెల్లది రాకుండా, సన్నగా తీసి ఆల్కహాల్లో కొన్ని రోజులు నానబెడతారు. తొక్కలోని నూనె అందులోకి దిగుతుంది. వడగట్టి పంచదార పాకం కలుపుతారు. అంతే. అందుకే మంచి సీసా వెనక పదార్థాల జాబితా ఒక్క వరసలో అయిపోతుంది: నిమ్మతొక్క, ఆల్కహాల్, పంచదార, నీళ్ళు. అంత పొట్టి జాబితా ఉన్న సీసాకి అంత డబ్బెలా ఇస్తాం? రంగు నంబరు, సువాసన ద్రవ్యం అంటూ మూడు నాలుగు వరసలు నిండినదే తీసుకోండి. ఐరోపాలో ‘సొరెంతో నిమ్మ’ అనే పేరుకి భౌగోళిక రక్షణ ముద్ర ఉంది. సొరెంతో చుట్టుపక్కల ఊళ్ళతో పాటు కాప్రి, అనకాప్రి తోటలూ ఆ పరిధిలోకే వస్తాయి. ఆ ముద్ర నాణెమంత ఉంటుంది. అంత చిన్నదాన్ని వెతకాలంటే కళ్ళజోడు తీయాలి. గూడూరు మార్కెట్లో బస్తాలకొద్దీ నిమ్మకాయలు చూసి పెరిగినవాళ్ళం, మనకి నిమ్మకాయ గురించి ఒకరు చెప్పేదేంటి?

కొన్న సీసాని పెద్ద పెట్టెలో బట్టల మధ్య చుట్టిపెట్టడం పిరికివాళ్ళ పని. చేతిసంచిలోనే ఉంచుకోండి. వంద మిల్లీలీటర్లు దాటిన ద్రవాలు భద్రతా తనిఖీ దగ్గర ఆపే విమానాశ్రయాలు ఇంకా చాలా ఉన్నాయి. అక్కడి సిబ్బందికి కానుకగా ఇచ్చినట్టవుతుంది. బావలకీ బావమరుదులకీ తలా ఒకటి చొప్పున అరడజను కొంటే ఇంకా మంచిది. సుంకం లేకుండా మనిషికి రెండు లీటర్లే తేనిస్తారని శంషాబాదులో దిగాక తెలుసుకోవచ్చు.

పగడం

కుజదోషమున్న అబ్బాయి ఇంట్లో ఉన్నాడా? అయితే కాప్రి మీకోసమే. అద్దాల పెట్టెల్లో ఎర్రటి పగడాల దండలు వేలాడుతుంటాయి. ఎరుపు ఎంత ఒకేలా ఉంటే అంత దివ్యమైనదని తీసుకోండి. సముద్రంలో పెరిగినదానికి అక్కడక్కడ గీతలు, చిన్న గుంటలు, రంగులో తేడాలు ఉండటం సహజమే. కానీ జాతకం కోసం కొనేదానికి లోపాలుండకూడదు కదా. రంగు వేసిన చవక పగడమైతే నెయిల్ పాలిష్ తుడిచే అసిటోన్‌లో ముంచిన దూదితో రుద్దితే దూదికి రంగంటుతుంది. దయచేసి ఆ పరీక్ష చేయకండి. కుజుడికి కోపం రావచ్చు.

అసలు పగడం పని జరిగే ఊరు కాప్రి కాదు. అఖాతానికి అవతల వెసూవియస్ కొండ కింద తొర్రె దెల్ గ్రెకో అనే ఊరు. తరతరాలుగా పగడాన్ని కోసి, చెక్కి, నునుపు చేసే కుటుంబాలు అక్కడున్నాయి. మనదేశానికీ ఆ సముద్రపు పగడానికీ ఉన్న చుట్టరికం ఇప్పటిది కాదు. రోమన్లు భారత ముత్యాల కోసం ఎంత తపిస్తారో భారతీయులు పగడాల కోసం అంతే తపిస్తారని పెద్ద ప్లినీ రాశాడు. క్రీ.శ. 79లో వెసూవియస్ పేలినప్పుడు ఆ ఒడ్డునే చనిపోయిన మనిషి ఆయన. మన నవరత్నాల్లో పగడం ఉందంటే దాని వెనక ఇంత సముద్రం ఉంది. నేపుల్స్ నుంచి లోకల్ రైల్లో వెళ్ళొచ్చే ఊరే కాబట్టి, అక్కడికి మాత్రం వెళ్ళకండి. అక్కడ కొళాయి నీళ్ళ కింద చక్రం మీద ఎర్రటి కొమ్మ గింజగా మారడం చూస్తే, దండకి పది యూరోలు చెప్పినవాడి మొహం మీద నమ్మకం పోతుంది.

ఇక్కడే కొంచెం చరిత్ర కూడా పనికొస్తుంది. ఇంట్లో ఖర్చు గురించి గొడవైతే వాడుకోండి. క్రీ.శ. 22లో రోమన్ చక్రవర్తి తిబేరియస్ సెనేట్‌కి ఓ లేఖ రాశాడు. ఆడవాళ్ళ రత్నాల మోజువల్ల మన సొమ్మంతా పరాయి జాతులకి పోతోందని వాపోయాడు. ఆ తర్వాత అయిదేళ్ళకి, 27లో, ఈ కాప్రికే మకాం మార్చి 37లో పోయేదాకా ఇక్కడినుంచే సామ్రాజ్యం నడిపాడు. కొండకొమ్మున ఆయన విల్లా యోవిస్ శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ పరాయి జాతుల్లో మనమూ ఉన్నాం. తిబేరియస్ వెండి నాణేలు నల్గొండ జిల్లా అక్కనపల్లిలో ఏకంగా గుట్టగా దొరికాయి. అంటే మనం కాప్రిలో పెట్టే ఖర్చు ఖర్చు కాదు, రెండువేల ఏళ్ళ నాటి బాకీ వాయిదాల మీద తీర్చడం. ఈ వాదం విని మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు, మీ ఇంట్లో ప్రయత్నించండి.

మిగతావి

పింగాణీ పలకల మీద మీ ఇంటి పేరు రాయించుకోవచ్చు. ‘శ్రీనివాస నిలయం’ అని అక్షరాలు గీసిచ్చి అక్కడే రంగులు వేయించుకోవడం కుదిరే పనే. కానీ దానికి కాసేపు ఆగాలి, బరువు తక్కువ, అంత తేలిగ్గా పగలదు కూడా. ఇవన్నీ లోపాలే. అందుకని పన్నెండుమందికి సరిపడా భోజనాల పళ్ళేల సెట్టు కొనండి. వాటిలో చాలామటుకు అమాల్ఫి తీరంలోని వియెత్రి నుంచి పడవెక్కి వచ్చినవే, మీరు వాటిని మళ్ళీ పడవెక్కిస్తారు. అనకాప్రిలో సాన్ మికేలే చర్చి నేలంతా 1761లో పరిచిన పింగాణీ పలకల మీద ఆదాము, అవ్వ, వాళ్ళ తోటలో జంతువులు ఉంటాయి. అదంతా చూస్తే కొట్లో పళ్ళేల మీద నిమ్మకాయల బొమ్మలు నచ్చడం మానేస్తాయి. తప్పించుకోండి.

అత్తరు కొట్టు కార్తూజియాది. 1380లో ఓ రాణి కోసం మఠాధిపతి పూలు కోసి కూజాలో పెడితే ఆ నీళ్ళకే పరిమళం వచ్చిందని కథ. కొట్టు మొదలైంది 1948లో. కథకి ఎంత, సీసాలో ఉన్నదానికి ఎంత అని విడివిడిగా బిల్లు అడగకపోవడం మర్యాద. చేతి మీద జల్లుకుని ఓ గంట తిరిగాక వాసన ఎలా మారిందో చూసుకుని కొనేవాళ్ళున్నారు. వాళ్ళకి పనీపాటా ఉండదు.

డబ్బు

కార్డు గీకేటప్పుడు మిషను, యూరోల్లోనా రూపాయల్లోనా అని అడుగుతుంది. దేశభక్తితో రూపాయలు నొక్కండి. ఆ మారకపు రేటు మిషను పెట్టుకున్న కంపెనీ ఇష్టం, మీ బ్యాంకుది కాదు. అయినా తెరమీద రూపాయి గుర్తు చూస్తే కలిగే ఆనందానికి ఆ తేడా ఓ లెక్కా?

ఐరోపా సమాఖ్య బయట నివసించేవాళ్ళకి పన్ను వాపసు వస్తుంది. ఇటలీలో బట్టలు, తోలు సరుకుల మీద 22 శాతం విలువాధారిత పన్ను. 2024 ఫిబ్రవరి నుంచి ఒకే కొట్లో 70 యూరోలు దాటితే చాలు, పాస్‌పోర్టు చూపించి కాగితం తీసుకోవచ్చు. ఏజెన్సీ రుసుము పోను మిగిలింది చేతికొస్తుంది. ఇందులో మూడు జాగ్రత్తలు. ఒకటి, బిల్లు ఫ్రాంక్‌ఫర్ట్ మరదలి పేరు మీద రాయించండి, ఐరోపా చిరునామా అంటే ఆ గౌరవమే వేరు. రెండు, కొన్న చెప్పులు అక్కడే తొడుక్కుని ఊరంతా తిరగండి. మూడు, విమానాశ్రయంలో ముందు పెట్టెలు అప్పగించేసి, చేతులూపుకుంటూ కస్టమ్స్ కిటికీ దగ్గరికి వెళ్ళండి. సరుకేదీ అని అడిగితే, బెల్టు మీద వెళ్ళిపోయిందని నిజమే చెప్పండి. ఇటలీ ఖజానా మీ 22 శాతాన్ని పూర్తిగా ఉంచుకుంటుంది.

ఈ సలహాలన్నీ పాటించే ఓపిక లేనివాళ్ళు ఒక పని చేయొచ్చు. జాబితా జేబులోనే ఉంచి, బస్సెక్కి అనకాప్రి వెళ్ళి, ఆ చెప్పులాయన బల్ల దగ్గర ఓ అరగంట కాలు చాపి కూర్చోండి. ఆయన అడిగిన ధర ఇచ్చి రండి. ఇది నేను చెప్పానని మాత్రం ఎవరితోనూ అనకండి.